తెల్లకణములను పెంచు సూదిమందు

కాన్సరు వ్యాధికి కీమోథెరపీ మందు ఎక్కించుకొని ఇల్లు చేరిన రోగి నాలుగైదు దినములు వాంతులతోను, నీరసముతోను బాధపడి పిమ్మట కొంత తేరుకొనును. గండము గడచినదని ఇంటివారు ఊరట చెందుదురు. కాని నిజముగా కనిపెట్టి యుండవలసిన రోజులు అప్పుడే ఆరంభమగును. సాధారణముగా ఏడవ దినము మొదలు పదునాలుగవ దినము లోపల రక్తములోని తెల్లకణముల సంఖ్య మిక్కిలి దిగువకు పడిపోవును. మనిషి పైకి బాగుగనే కనిపించును. లోపల మాత్రము కోటకు కావలి యుండదు.

కీమోథెరపీ మందు వేగముగా వృద్ధిచెందు కణములను చంపును. అందుచేత వ్యాధితోపాటు, రాత్రింబవళ్లు రక్తకణములను తయారుచేయు ఎముకల మూలుగ కూడ దెబ్బతినును. తెల్లకణములలో న్యూట్రోఫిల్ అను జాతి సూక్ష్మజీవులను మ్రింగి చంపును. ఇవి ఒక మైక్రోలీటరు రక్తములో 1500కు పైగా ఉండవలెను. 500కు లోపుగా దిగినచో ప్రమాదము. తెల్లకణములు తగ్గినకొలది, తగ్గి యున్న కాలము పెరిగినకొలది అంటురోగములు హెచ్చునని జెరాల్డ్ బోడీ అను వైద్యుడు, ఆయన సహచరులు 1966లో లుకీమియా రోగుల లెక్కలతో నిరూపించిరి.

మూలుగను మేల్కొలుపుటకు మన శరీరమే ఒక ప్రోటీనును తయారుచేసికొనుచున్నది. ఇట్టి ప్రోటీనులపై ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున డొనాల్డ్ మెట్కాఫ్ బృందము దశాబ్దములపాటు కృషిచేసినది. ఆ ప్రోటీనునే ప్రయోగశాలలో బాక్టీరియాచేత తయారుచేయించి ఫిల్‌గ్రాస్టిమ్ అను మందు చేసిరి. అమెరికాలో దీనికి 1991లోను, ఎక్కువ దినములు పనిచేయు పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్‌కు 2002లోను అనుమతి లభించినది. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2001లో గ్రాఫీల్ పేరిట ఫిల్‌గ్రాస్టిమ్‌ను విడుదల చేసినది.

మందు మంచిదే. అయినను కీమోథెరపీ తీసికొన్న ప్రతివారికిని ఇది అవసరము కాదు. అంటురోగభయము ఎవరికి ఎక్కువో వ్యాధిని, వాడిన మందులను, వయస్సును చూచి వైద్యుడు నిర్ణయించును. పొరుగింటివారికి మిగిలిన సూదిని అడిగి తెచ్చుకొనుట తగదు. వేళ ముఖ్యము: కీమోథెరపీకి ముందు 24 గంటలలోను, తరువాత 24 గంటలలోను ఫిల్‌గ్రాస్టిమ్ ఇవ్వరాదు. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇచ్చిన పిదప 14 దినములు గడవక మరల కీమోథెరపీ సాధారణముగా ఇవ్వరు. అప్పుడే వేగముగా పెరుగుచున్న లేతకణములు ఆ విషపు మందుకు ఎర యగుననియే ఈ కట్టడి. ఫిల్‌గ్రాస్టిమ్ మొదలుపెట్టిన ఒకటి రెండు దినములలో లెక్క పెరుగుట చూచి, ఇక చాలునని ఇంటివారు తామే సూదులు మానివేయరాదు. ఆ తొలి పెరుగుదల నిలుచునది కాదు.

పట్టణములో కొన్న సూదిని బస్సులో పల్లెకు కొనిపోవు కుటుంబములు ఎన్నియో కలవు. దీనిని 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో ఉంచవలెను. గడ్డకట్టనీయరాదు, గట్టిగా కుదుపరాదు. మంచుముక్కల నడుమ నేరుగా పెట్టక, గుడ్డచుట్టి వేరుచేసి ఉంచుడు. విద్యుత్తు నిలిచిపోయి రిఫ్రిజిరేటరు చాలసేపు చల్లదనము కోల్పోయినచో ఆ సంగతి వైద్యునికి చెప్పి, పిమ్మటనే వాడుడు.

నడుములోను, తొడ ఎముకలలోను నొప్పి కలుగుట సామాన్యము. మూలుగ పనిలో పడినదనుటకు గుర్తు. ఎడమ డొక్క పైభాగమున గాని, ఎడమ భుజమున గాని తీవ్రమైన నొప్పి వచ్చినను, ఆయాసము కలిగినను, ఒళ్లంతయు దద్దురులు లేచినను ఆలసింపరాదు. ప్లీహము చిట్లుట అరుదైనను ఎన్నడును జరుగనిది కాదు.

అన్నిటికంటె పెద్ద చిక్కు జ్వరము. చీము అనునది చాలవరకు ఈ తెల్లకణములతోనే ఏర్పడును. అవి లేనప్పుడు పుండు చీము పట్టదు, వాపు కనిపించదు, ఊపిరితిత్తులలో వ్యాధి యున్నను కఫము రాకపోవచ్చును. జ్వరమొక్కటియే వార్త తెచ్చును. ఎముకల నొప్పికని థర్మామీటరు పెట్టకయే పారాసిటమాల్ మింగించినచో ఆ వార్తాహరుని నోరు మూసినట్లగును. సూది వేయించితిమి గదా, తెల్లవారువరకు చూతమనుట మేము తరచుగా వినుచున్న మాట. సూది పనిచేయుటకు దినములు పట్టును. రక్తములో ప్రవేశించిన సూక్ష్మజీవులు గంటలలో ప్రాణము తీయగలవు. బొప్పాయి ఆకు రసము, మేక కాలేయము మొదలగు వానిని గూర్చియు మమ్ము అడుగుదురు. అవి ఈ సూదికి బదులు కావు. పచ్చి రసములు ఈ రోజులలో అసలే వలదు.

100.4 డిగ్రీల ఫారన్‌హీటు తాకినను, వణుకు పుట్టినను, అర్ధరాత్రియైనను ఆసుపత్రికి బయలుదేరవలెను. కీమోథెరపీ ఇచ్చిన తేదీ, మందుల పేర్లు, సూది వేసిన తేదీ, కడపటి రక్తపరీక్ష ఫలితము ఒక కాగితముపై వ్రాసి ముందే సంచిలో ఉంచుడు. అక్కడ కూర్చున్న వైద్యునికి జ్వరమని మాత్రము చెప్పక, కీమోథెరపీ తీసికొని ఇన్నవ దినమని మొదటి మాటగా చెప్పుడు. అప్పుడాయన వరుసలో నిలుపక, గంటలోపల ఆంటిబయాటిక్ మందును నరమునకు ఎక్కింపగలడు.