ఆలస్యంగా నేర్చుకున్న ఆవకాయ
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



36 ఏళ్లు ఫైళ్లలో నోట్లు రాశాను గాని, వంటింట్లో ఒక్కనాడూ గరిటె పట్టలేదు. నా శ్రీమతి ఏటా వేసవిలో రెండు జాడీల ఆవకాయ పెట్టేది. కొలత అడిగితే "కంటికే తెలుస్తుంది లెండి" అనేది. ఆమె కాలం చేశాక మొదటి వేసవిలో నేనే పూనుకున్నాను. కడిగిన కాయలు తడి ఆరకుండానే ముక్కలు కొట్టించాను. నెల తిరక్కుండానే జాడీలో బూజు. ఆ రోజు దాని ముందు కూర్చుని ఏడ్చాను.

మరుసటి ఏడు ఎనభై దాటిన మా అక్కయ్య చెబుతుంటే, డిక్టేషన్ తీసుకున్నట్టు రాసుకున్నాను. పుల్లగా, గట్టిగా, టెంక ముదిరిన కాయ కావాలి. కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ముక్కకు టెంక అంటి ఉండాలి. లోపలి జీడి, పొర తీసేయాలి. 4 గిన్నెల ముక్కలకు ఆవపిండి, కారం ఒక్కో గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె, చెంచాడు మెంతులు, ముక్కలు మునిగేటట్టు నువ్వుల నూనె. మూడోనాడు తిరగకలిపి ఉప్పు చూసుకోవాలి.

అచ్చం ఆమె పెట్టినట్టే కుదిరిందని చెప్పను. మా మనవరాలు మాత్రం మారు వడ్డించుకుంది. రక్తపోటున్న మనబోటివాళ్లకు చిన్న ముక్క చాలు.

మిత్రులారా, ఇల్లాలు ఉండగానే పక్కన కూర్చుని రాసుకోండి. ఆ కాగితాన్ని పెన్షన్ పుస్తకంతోపాటు భద్రపరచండి. సెలవు.