గొప్ప ఆటగాడెవరు?



ఆటలు ఆడేవాళ్ళు ఊళ్ళో కొందరే ఉంటారు. ఆటల గురించి వాదించుకునేవాళ్ళు మాత్రం సగం ఊరు ఉంటారు. ఫలానావాడు గొప్పా, ఫలానావాడు గొప్పా అన్న వాదం మొదలైతే టీ చల్లారిపోతుంది గాని వాదం చల్లారదు.

చంద్రాపూర్ జిల్లా భద్రావతిలో, ఒక టీకొట్టు ముందు, ఈమధ్య అలాంటి వాదమే విన్నాను. భద్రావతి మన సరిహద్దు శ్రోతలకు కొత్త ఊరు కాదు. పాతవాళ్ళు భాండక్ అంటారు, రైల్వే స్టేషనుకు ఆ పేరే ఉండిపోయింది. విజాసన్ గుహలు, భద్రనాగ మందిరం, ఆర్డినెన్సు ఫ్యాక్టరీ, మాజ్రీ వైపు బొగ్గు గనులు, వీటి మధ్య ఊరు. గనుల పనికి వచ్చి చంద్రాపూర్, బల్లార్షా ప్రాంతాల్లో నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ రోజు టీకొట్టు దగ్గర చేరినవాళ్ళు కూడా అలాంటివాళ్ళే, మొదటి షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు.

గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు అన్నారు: "మన నాగపూర్‌ల పుట్టిన తెలుగాయన, సి.కె. నాయుడు. అసొంటి మొనగాడు మళ్ళ పుట్టలే."

వెంటనే ఒక యువకుడు అందుకున్నాడు: "గది ఎప్పటి ముచ్చట కాకా! ఆయన ఆడింది 7 టెస్టులు, కొట్టింది 350 పరుగులు. సచిన్‌వి 100 సెంచరీలు. లెక్కలు అబద్ధం చెప్తయా?"

ఇంకొకాయన కొడుకు అమెరికాలో ఉంటాడట. ఆయన అన్నారు: "లెక్కల మీద పోతే అయితదా తమ్మీ? ఆడ బేస్‌బాల్ ఆటల అందరికంటె ఎక్కువ కొట్టినోని గొప్పోడంటె సగం మంది ఒప్పుకుంటలేరట. మందులు తీసుకొని కొట్టిండని లొల్లి."

అంతవరకు మాట్లాడకుండా కూర్చున్న ఒక కుర్రవాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, పోలీసు భర్తీకి తయారవుతున్నాడు, నెమ్మదిగా అడిగాడు: "అందరు తీసుకుంటున్నంక తప్పేమున్నది మామా? తీసుకోనోడే ఎనుకపడ్తడు గదా?"

ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. నాకూ అప్పటికి తోచలేదు. ఆ కుర్రవాడికి చెప్పవలసిన జవాబునే ఈ పూట మీ ముందు ఉంచుతున్నాను.

ముందు పెద్దాయన మాటే తీసుకుందాం. కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. 1932 జూన్‌లో లండన్‌లోని లార్డ్స్ మైదానంలో భారతదేశం తన మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే. అంతకు ఆరేళ్ళ ముందు, 1926 డిసెంబరులో, బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద ఆయన 153 పరుగులు చేశారు. రెండు గంటలు కూడా పట్టలేదు. అందులో సిక్సర్లే 11. మనవాళ్ళు ఇంగ్లండు జట్టుతో టెస్టు ఆడగలరు అన్న నమ్మకానికి ఆ ఇన్నింగ్సు ఎంతో బలమిచ్చింది.

యువకుడు చెప్పిన లెక్కా తప్పు కాదు. నాయుడు గారు ఆడింది 7 టెస్టులే. కాని ఆయనకు మొదటి టెస్టు దక్కేనాటికే 36 ఏళ్ళు నిండాయి. వానకు తడిసిన పిచ్‌లు, తలకు హెల్మెట్ లేని రోజులు, ఏడాదికి ఒకటో రెండో పెద్ద మ్యాచ్‌లు. నేటి లెక్కను ఆనాటి లెక్క పక్కన పెట్టాలంటే ఇవన్నీ కలిపి చూడాలి. అందుకే ఈ వాదం తెగదు. తెగకపోవడంలోనే దాని రుచి ఉంది. అయితే ఒక్క సంగతి గమనించండి. కాకా, యువకుడు ఎంత కొట్లాడుకున్నా, ఆ 11 సిక్సర్లు నాయుడు గారి చేతి బలమేనా అన్న అనుమానం ఇద్దరికీ లేదు. సచిన్ సెంచరీల మీదా లేదు. తూకంలో తేడా ఉందని తగువేగాని, తూకం రాళ్ళే దొంగవని ఎవరూ అనలేదు.

ఇప్పుడు అమెరికా సంగతి చూద్దాం. బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం. బంతి నేలను తాకకుండా వస్తుంది, గుండ్రటి బ్యాటుతో కొట్టాలి. కొట్టిన బంతి కంచె దాటి అవతల పడితే దాన్ని హోమ్‌రన్ అంటారు. మన సిక్సరు లాంటిదనుకోండి. ఆ దేశంలో తాతలు మనవలకు హోమ్‌రన్ల లెక్కలు అప్పజెప్పిస్తారు. 1927లో బేబ్ రూత్ ఒక్క సీజనులో 60 కొట్టాడు. 1961లో రోజర్ మారిస్ 61 కొట్టాడు. ఆ 61 అన్న అంకె 37 ఏళ్ళు నిలిచింది.

1998లో మార్క్ మెగ్వయర్ 70, సామీ సోసా 66 కొట్టారు. 2001లో బారీ బాండ్స్ 73 కొట్టాడు. 37 ఏళ్ళలో ఒక్కరూ దాటని గీతను 4 సీజన్లలో 6 సార్లు దాటారు. దాటింది ఈ ముగ్గురే. జనం మొదట పరవశించిపోయారు. స్టేడియాలు నిండాయి. ఆటగాళ్ళ భుజాలు, మెడలు ఏటేటా ఎందుకు పెరుగుతున్నాయని అడిగినవాళ్ళు తక్కువ. అడగవలసిన యాజమాన్యాలు టికెట్ల రాబడి చూసుకుని ఊరుకున్నాయి. స్టెరాయిడ్లు వాడినవాళ్ళకు శిక్ష వేసే పరీక్షలు ఆ లీగులో మొదలైంది 2004లోనే. 2007 డిసెంబరులో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ ఇచ్చిన నివేదికలో 80 మందికి పైగా ఆటగాళ్ళ పేర్లు బయటపడ్డాయి. స్టెరాయిడ్లు వాడానని మెగ్వయర్ 2010లో ఒప్పుకున్నాడు. బాండ్స్ మాత్రం, నాకు ఇచ్చింది ఏ మందో తెలియదు అన్నాడు. ఆయన మీద నడిచిన కోర్టు కేసు కూడా చివరకు నిలబడలేదు.

ఆట జీవితం మొత్తంలో ఎక్కువ హోమ్‌రన్లు, 762, బాండ్స్ పేరనే ఉన్నాయి. అయినా ఆ ఆటలో మహానుభావుల జాబితా అనదగ్గ హాల్ ఆఫ్ ఫేమ్‌కు 2022లో, పత్రికా విలేఖరుల ఓటులో పదోసారి, అదే చివరిసారి, ఆయనకు మూడింట రెండు వంతుల ఓట్లే వచ్చాయి. కావలసినవి నాలుగింట మూడు వంతులు.

అక్కడి అభిమానుల వాదాలు మూడు రకాలు. మందు వాడినవాడి రికార్డు కొట్టేయాలన్నది మొదటిది. మందుల అనుమానం రాకముందే బాండ్స్ మూడుసార్లు లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు, ఎలాగూ గొప్పవాడే అన్నది రెండోది. అందులో నిజం లేకపోలేదు. అందరూ వాడారు, బంతి విసిరినవాళ్ళూ వాడారు, లెక్క సరిపోయింది అన్నది మూడోది. భద్రావతి కుర్రవాడు అడిగింది సరిగ్గా ఈ మూడో మాటే.

అందరూ అన్న మాటే అబద్ధం. అందరూ వాడలేదు. వాడనివాళ్ళూ అదే మైదానంలో ఆడారు. కొందరికి పెద్ద జట్టులో చోటే దొరక్క ఇంటికి వెళ్ళిపోయారు. వాళ్ళెవరో ఇవాళ ఎవరికీ తెలియదు. ఇక ఆ రోజుల్లో నిజాయితీగా ఆడి పేరు తెచ్చుకున్నవాడి గతి ఏమిటంటే, తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అన్నట్టయింది. మందు తిన్నవాడు తన పరువొక్కటే పోగొట్టుకోడు. పక్కవాడి పరువు కూడా పట్టుకుపోతాడు.

ఇదంతా దూరదేశపు కథ అనుకోవద్దు. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరిని తలచుకోండి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆడవాళ్ళ బరువులెత్తే పోటీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది ఆ ఏడాదే. ఆ పోటీల్లో 48 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన బల్గేరియా క్రీడాకారిణి పతకాన్ని కొద్ది రోజుల్లోనే వెనక్కు తీసుకున్నారు. ఒంట్లో నీరు లాగేసే నిషిద్ధ మందు పరీక్షలో బయటపడింది. ఆ మందును బరువు తగ్గించుకోవడానికీ, వేరే మందుల జాడ దాచడానికీ వాడతారు. అదే మైదానం, అదే వారం. ఒకరి పతకం నేటికీ మెరుస్తోంది. ఇంకొకరి పతకం మెడలోంచి జారిపోయింది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మగవాళ్ళ 94 కిలోల పోటీ ఇంకా వింత. దాచి ఉంచిన నమూనాలను ఏళ్ళ తరువాత మళ్ళీ పరీక్షిస్తే పైవరసలో వాళ్ళు ఒకరి తరువాత ఒకరు పట్టుబడ్డారు. చివరకు అయిదో స్థానంలో ఉన్న ఇరాన్ ఆటగాడికి స్వర్ణం, తొమ్మిదో స్థానంలో ఉన్న పోలండ్ ఆటగాడికి కాంస్యం వచ్చాయి. ఆ తొమ్మిదోవాడు కూడా 2016లో రియోలో స్టెరాయిడ్ పరీక్షలో దొరికిపోయాడు! ఇరాన్ ఆటగాడు గెలిచిన రోజున ఆయన జెండా ఎగరలేదు, ఆయన జాతీయ గీతం వినిపించలేదు. ఏళ్ళ తరువాత చేతికి వచ్చిన పతకం ఆ సాయంత్రాన్ని తిరిగి ఇస్తుందా?

మన దేశం కూడా తలెత్తుకునే స్థితిలో లేదు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లోనూ, ఏషియాడ్‌లోనూ రిలే స్వర్ణాలు తెచ్చిన మన అమ్మాయిల్లో ముగ్గురు 2011లో స్టెరాయిడ్ పరీక్షలో పట్టుబడ్డారు. కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ గోలీల్లో ఆ మందు కలిసిందని వాళ్ళ వాదన. అయినా రెండేళ్ళ నిషేధం తప్పలేదు. ఎందుకంటే నియమం అలాంటిది. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, ఇచ్చింది ఎవరైనా సరే. 2019లో పృథ్వీ షా అనే క్రికెటర్‌కు 8 నెలల నిషేధం పడింది దగ్గుమందు వల్ల. 2023లో మన జాతీయ సంస్థ పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 పాజిటివ్ వచ్చాయి. పెద్ద ఎత్తున పరీక్షలు చేసే దేశాల్లో అంత శాతం మరెక్కడా లేదు.

ఇక స్టెరాయిడ్ అంటే ఏమిటో కూడా తెలుసుకుందాం. మగవాడి శరీరంలో సహజంగా ఊరే టెస్టోస్టిరాన్ అనే హార్మోనుకు ఇది ప్రయోగశాలలో చేసిన నకలు. కొన్ని జబ్బులకు డాక్టర్లు కొలిచి ఇస్తారు. కండ పెంచుకోవడానికి ఇష్టం వచ్చినట్టు ఎక్కిస్తే, బయటి నుంచి వస్తోంది కదా అని శరీరం తన సొంత ఉత్పత్తి ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, సంతానం కలగడం కష్టమవుతుంది. రక్తపోటు పెరుగుతుంది, గుండె గోడలు మందమవుతాయి, కాలేయం దెబ్బతింటుంది. ఎదిగే వయసు పిల్లలు వాడితే ఎముకల ఎదుగుదల ముందే ఆగి పొట్టిగా మిగిలిపోతారు. ఆడపిల్లలకు గొంతు బొంగురుపోయి అలాగే ఉండిపోవచ్చు. ఒకే సూది నలుగురు వాడితే వచ్చే రోగాలు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మళ్ళీ భద్రావతికి వద్దాం. మహారాష్ట్ర పోలీసు భర్తీలో మగపిల్లలకు 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, గుండు విసరడం ఉంటాయి. అక్కడ ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం మీద ఒక ఇల్లు, చెల్లెలి పెళ్ళి, నాన్న చేసిన అప్పు ఆధారపడి ఉంటాయి. ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్ళు ఉన్నారు. భర్తీకి వచ్చిన అభ్యర్థుల దగ్గర ఇంజెక్షన్లు దొరికాయని 2023లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. కాబట్టి ఆ కుర్రవాడు అడిగింది కబుర్లకు అడిగిన ప్రశ్న కాదు. ఎవరో అతనికి సీసా చూపించే ఉంటారు.

ఆ తమ్ముడికి నేను చెప్పదలచుకున్నది ఇది. అందరూ తీసుకుంటున్నారు అని నీతో చెప్పినవాడెవరో ఒక్కసారి చూసుకో. చాలాసార్లు అది అమ్మేవాడే. నువ్వు మందు లేకుండా పరుగెత్తి ఒక మార్కు తగ్గితే వచ్చే ఏడు మళ్ళీ పరుగెత్తవచ్చు. కాళ్ళు నీవే, గుండె నీదే. మందుతో ఉద్యోగం వచ్చినా, పక్కన పరుగెత్తిన నీలాంటి పేదింటి పిల్లవాడి చోటు అది. అతని పేరు కూడా నీకు తెలియదు. పొడులు, గోలీలు, దగ్గుమందులు ఏవైనా సరే, డాక్టరును అడగకుండా జిమ్ములో ఇచ్చారని మింగవద్దు.

పెద్దలకు, అభిమానులకు కూడా ఒక మాట. మనం దేనికి చప్పట్లు కొడతామో పిల్లలు దానికోసమే పాకులాడతారు. ఎన్ని కొట్టాడు, ఎంత ఎత్తాడు అని మాత్రమే మనం అడిగితే, అంకె ఎలాగైనా తేవాలని వాళ్ళకు మనమే నేర్పినవాళ్ళమవుతాం. కాబట్టి ఇకమీద టీకొట్టు దగ్గర వాదించుకునేటప్పుడు ఎన్ని అన్నదానితో పాటు ఎలా అని కూడా అడుగుదాం. పిల్లవాడు ఓడి ఇంటికి వచ్చిన రోజున ముందు అన్నం పెడదాం, తరువాత మార్కులు అడుగుదాం.

కాకా అభిమాన ఆటగాడు సి.కె. నాయుడు 1956-57లో, 61 ఏళ్ళ వయసులో, ఉత్తరప్రదేశ్ జట్టుకు కెప్టెన్‌గా రంజీ ట్రోఫీ ఆడారు. ఆయన సచిన్ కంటే గొప్పవాడా కాదా అన్నది మీరే తేల్చుకోండి, తేలకపోతే ఇంకో టీ చెప్పండి. ఆ వయసులో కూడా బ్యాటు పట్టుకు నిలబడ్డ ఆ ఒళ్ళు మాత్రం ఏ సీసాలోంచీ వచ్చింది కాదు.