సంతకం పెట్టే ముందు ఆగండి: ప్రమాదం, పరిహారం, మన లాయర్

(నెక్కొండలో తండాల, గూడేల యువతతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం)

భూమి గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటం. ఇయ్యాల కాళ్లు చేతుల గురించి మాట్లాడుకుందాం. కూలికి పోయే మనిషికి ఆస్తి అంటే మొదలు అవే కదా.

మిర్చి ఏరే రోజులొస్తే మన దగ్గర తెల్లారక ముందే ట్రాక్టర్ ట్రాలీలు, ఆటోలు నిండిపోతయి. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలం పడమటితండా కూలీలు మిర్చి ఏరడానికి పోతుంటే ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడింది. తొమ్మిదిమంది చనిపోయారు. 2021 జనవరిలో మన పక్కనే, గూడూరు మండలం మర్రిమిట్ట దగ్గర, పెళ్లి బట్టల కోసం బయలుదేరిన తండా కుటుంబం ఆటోను లారీ గుద్దింది. పెళ్లికూతురు కూడా పోయింది. చనిపోయినోళ్ల లెక్క పేపర్లో వస్తది. నాయకులొస్తరు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తరు. కానీ బతికి, చెయ్యి పనికిరాకుండా పోయినోళ్ల దగ్గరికి, నడుం విరిగి మంచం పట్టినోళ్ల దగ్గరికి ఎవరూ రారు. వాళ్ల హక్కు గురించే నేను చెప్పాలనుకుంటున్న.

మాకు వదిన వరుసయ్యే ఒకామె కూలి నుంచి వస్తుంటే ఆటోను కారు గుద్దింది. కుడి మోచెయ్యి నుజ్జయింది. వారం తిరగక ముందే పెద్దమనుషులు కూసొని 40 వేలకు పంచాయితీ తెంపిండ్రు. ఆసుపత్రికే 60 వేలయింది. ఇప్పుడు ఆమె మిర్చి ఏరలేదు, కలుపు తియ్యలేదు, బిందె ఎత్తలేదు. "కారాయన మనకు తెలిసినోడే, కేసు ఎందుకు" అన్నరు. ఆ కారుకు ఇన్సూరెన్స్ ఉందా అని ఒక్కరూ అడగలేదు.

అసలు మాట ఇక్కడుంది. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలని మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 146 చెప్తది. బండాయన ప్రీమియం కట్టేది ఇట్లాంటి రోజు కోసమే. పాలసీ సరిగ్గా ఉంటే పరిహారం ఆయన జేబులోంచి పోదు, కంపెనీ కట్టాలె. మరి తెలిసినోడిని కాపాడాలని మనం మన చెయ్యి ఎందుకు వదులుకోవాలె? పంచాయితీ కాగితం మీద వేలిముద్ర వేస్తే, రేపు కోర్టులో అదే కాగితాన్ని కంపెనీ లాయర్ మన మీదికి తెస్తడు.

ప్రమాదం జరిగిన మొదటి రోజే చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నయి. 108కి ఫోన్ చెయ్యండి. బండి నంబర్ ప్లేటు ఫోటో తియ్యండి. ఆసుపత్రిలో "బాత్‌రూంలో జారిపడ్డడు" అని రాయించకండి. ప్రమాదమని చెప్పి ఎంఎల్‌సీ చేయించండి. కేంద్రం 2025 మేలో తెచ్చిన పథకం కింద, అందులో ఉన్న ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స ఉంది. అడగండి. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి, అది ఫ్రీ. 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక పోలీసులు ట్రిబ్యునల్‌కు పంపాలని రూల్స్ ఉన్నయి. ఆ కాపీలూ అడగండి.

గడువు విషయం జాగ్రత్త. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టిండ్రు. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తున్నది, కాబట్టి గడువు దాటినోళ్లు ఆశ వదలకుండా లాయర్‌ను కలవండి. గడువున్నోళ్లు మాత్రం దాన్ని నమ్ముకొని కూసోవద్దు. ఇంకో ముచ్చట. మిర్చికి ఖమ్మం వైపు పోయినప్పుడు ప్రమాదమైతే అక్కడికే తిరగాలని లేదు. మీరు ఉండే జిల్లాలోనే, అంటే వరంగల్‌లోనే, కేసు వెయ్యొచ్చు.

ఇగ లాయర్ దగ్గరికి వద్దాం. ప్రమాదమైన మూడో రోజు ఆసుపత్రి మంచం దగ్గరికే ఒకాయన వస్తడు. "మీరు రూపాయి పెట్టొద్దు, అంతా మేమే చూసుకుంటం, వచ్చిన దాంట్ల సగం మాది" అంటడు. తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకుంటడు. బ్యాంకు ఖాతా తెరిపించి చెక్కుబుక్కు తన దగ్గరే పెట్టుకుంటడు. కష్టంలో ఉన్న ఇంటికి ఆయన దేవుడి లెక్క కనిపిస్తడు.

గెలిస్తే ఇంత వాటా అని ఒప్పందం చేసుకోవద్దని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలే లాయర్లకు చెప్తున్నయి. వచ్చిన పరిహారంలో భాగం పంచుకునే ఒప్పందం తప్పు. అట్లా చేసిన లాయర్ మీద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యొచ్చు. నేను లాయర్లందరినీ అనట్లేదు. నర్సంపేటలో, వరంగల్‌లో మన కేసు కోసం ఏండ్లకేండ్లు తిరిగే మంచి లాయర్లు ఉన్నరు. వాళ్ల కష్టానికి ఫీజు ఇయ్యాల్సిందే. ఆ ఫీజు ఎంతో ముందే మాట్లాడుకోవాలె, కాగితం మీద రాసుకోవాలె, కట్టినప్పుడల్లా రసీదు తీసుకోవాలె.

ఫీజు పెట్టే స్థోమత లేకుంటే భయపడొద్దు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987లోని సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకు, ఎస్సీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఉచితంగా లాయర్‌ను ఇయ్యాలె. వీళ్లకు ఆదాయ పరిమితి లేదు. జిల్లా కోర్టులో ఉన్న న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి, లేదంటే 15100కి ఫోన్ చెయ్యండి. కుల సర్టిఫికెట్, ఆధార్ పట్టుకుపోండి.

లాయర్ ఫ్రీ అయినా, ఫీజుకైనా, మీరు అడగాల్సినవి ఇవి:

ఒకటి, ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. వకాలత్ చదివించుకొని సంతకం పెట్టండి.

రెండు, వేసిన పిటిషన్ కాపీ, కేసు నంబర్ తీసుకోండి. మన దగ్గర దాన్ని ఎంవీఓపీ నంబర్ అంటరు. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ నంబర్ కొడితే వాయిదా తేదీ ఫోన్‌లోనే కనిపిస్తది. డిగ్రీ చదివిన తమ్ముళ్లూ, ఈ పని మీది.

మూడు, పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు మీ దగ్గరే ఉండాలె. పరిహారం నేరుగా బాధితుల ఖాతాలోకే పంపాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో చెప్పింది.

నాలుగు, లోక్ అదాలత్‌లో రాజీ పడదాం అంటే "ఎంతకు?" అని ముందే అడగండి. అక్కడ తీర్పు అయ్యాక అప్పీలు లేదు. మొత్తం సరైనదైతే తొందరగా డబ్బులొస్తయి, మంచిదే. తక్కువైతే ఒప్పుకోవద్దు.

మరి ఏది తక్కువ, ఏది ఎక్కువ? లెక్క నేర్చుకోండి. ముప్పై ఏండ్ల కూలీ అనుకోండి. నెలకు 9,000 సంపాదన. రేపు పెరిగే కూలి కింద 40 శాతం కలిపితే 12,600. ఏడాదికి 1,51,200. సరళా వర్మ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన పట్టిక ప్రకారం 26 నుంచి 30 ఏండ్లోళ్లకు 17తో గుణించాలె. 25,70,400 అయితది. పని చేసే శక్తి సగం పోయిందని తేలితే 12,85,200. ఆసుపత్రి ఖర్చు, నొప్పికి, తోడున్న మనిషికి, దారి ఖర్చులకు వేరే. మా వదిన 40 వేలను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి.

"కూలీకి జీతం చిట్టీ ఏది?" అని కంపెనీ లాయర్ అడుగుతడు. రామచంద్రప్ప కేసులో 2011లో సుప్రీంకోర్టు, కూలి మనిషి దగ్గర కాగితం ఉండదని ఒప్పుకొని, ఆయన చెప్పిన నెలకు 4,500 సంపాదననే తీసుకున్నది. ఇంటిపని చేసే ఆడవాళ్ల కష్టానికీ విలువ కట్టాలని 2021లో కీర్తి కేసులో చెప్పింది. వైకల్యం విషయంలో 2010 నాటి రాజ్‌కుమార్ కేసు ముఖ్యం. సర్టిఫికెట్‌లో శాతం ఎంతున్నా, ఆ మనిషి చేసే పనికి ఎంత నష్టమైందో కోర్టు చూడాలె. చేతివేళ్లు పోతే ఆఫీసు పని చేసేటోనికి ఒక తీరు నష్టం, మిర్చి ఏరే ఆమెకు ఇంకో తీరు నష్టం. ఇది చెప్పడానికి వైద్యం చేసిన డాక్టర్‌ను సాక్షిగా పిలిపించమని లాయర్‌ను అడగండి. చాలా కేసులు ఇక్కడే బలహీనపడతయి.

ట్రాలీలో కూసున్నోళ్లకు ఒక చిక్కుంది. అది సరుకుల బండి, మనుషులకు పాలసీ వర్తించదని కంపెనీ అంటది. 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు కూడా కంపెనీ మాటే ఒప్పుకున్నది. అయినా 2017లో మనువారా ఖాతూన్ కేసులో ముందు కంపెనీ కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమన్నది. ఎదురుగా వచ్చిన బండిది కూడా తప్పయితే ఆ బండి కంపెనీని అడగొచ్చు. ట్రాలీలో లేమని మాత్రం అబద్ధం చెప్పకండి. ఒక్క అబద్ధం బయటపడితే నిజాలన్నీ పోతయి.

గుద్దిన బండి దొరకకపోతే కూడా హక్కుంది. చనిపోతే 2 లక్షలు, తీవ్రగాయమైతే 50 వేలు. ప్రమాదం ఈ మండలంలో అయితే నర్సంపేట ఆర్డీవో ఆఫీసులో అడగండి. నెక్కొండ స్టేషన్‌లో రైలెక్కుతూ, దిగుతూ పడిపోయినోళ్లది వేరే దారి. సికింద్రాబాద్ రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఏడాది లోపల వెయ్యాలె. టికెట్ పోయిందని కేసు కొట్టెయ్యరు, 2018లో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. టికెట్ కొన్నమని అఫిడవిట్ ఇయ్యాలె.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన అమ్మలకు సంతకం రాకపోవచ్చు. మీకు చదువొచ్చు. ప్రతి తండాలో, ప్రతి గూడెంలో ఇద్దరు ముందుకు రండి. ప్రమాదమైన ఇంటికి ఆ పొద్దే పోండి. కాగితాలన్నీ ఒక్క సంచిలో పెట్టించండి, బస్సు టికెట్లతో సహా. లాయర్ ఆఫీసుకు వాళ్ల ఎంబడి పోయి పక్కన కూసోండి. పోయిన చెయ్యి ఎవరూ తెచ్చియ్యలేరు. ఆ చెయ్యి సంపాదించే బువ్వ మాత్రం ఆ ఇంటికి రావాలె. ఇప్పుడు మన మండలంలో ఇట్లాంటి ఇండ్లు ఎన్ని ఉన్నయో, ఎవరి గడువు ఎప్పటిదాకా ఉందో, ఈ మీటింగ్ అయిపోయే లోపల రాసుకుందాం. పేర్లు చెప్పండి.