పులిగోరు ఎవరికి అందం?

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

ఈవేళ మీతో పులి గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. "ఇల్లూ వాకిలీ, పిల్లల చదువులూ చూసుకోక పులి సంగతి మనకెందుకమ్మా? అడవి శాఖ వాళ్ళు చూసుకుంటారు" అనుకుంటారేమో. మొన్న మొన్నటి దాకా నేనూ అలాగే అనుకున్నదాన్నే. మా అమ్మాయి కొడుక్కి బారసాల చేసిననాడు ఆ అభిప్రాయం మారింది. ముందు ఆ సంగతి చెబుతాను.

ఆ రోజు మా వియ్యపురాలు బాబుని ఒళ్ళో వేసుకుని, "వదినగారూ! మొలతాడూ, మురుగులూ అన్నీ చేయించారు గాని, మెళ్ళో పులిగోరు మాత్రం మరిచిపోయారు. మగపిల్లాడికి పులిగోరు వేస్తే దిష్టి తగలదు, జడుపు రాదు" అంది. ఆవిడ మంచి మనసుతోనే అంది. పక్కనే ఉన్న మా అమ్మ, "కొనడం దేనికీ, మా ఇంట్లో ఉన్నదేగా" అంది. నిజమే. మా తాతయ్య నాటి పులిగోరు, బంగారు తొడుగు వేయించినది, మా అమ్మ పెట్టెలో భద్రంగా ఉంది. మా తమ్ముడి చిన్నప్పటి ఫోటోలో అది వాడి గుండెల మీద నెలవంకలా కనిపిస్తుంది.

అప్పుడు మా అమ్మాయి అంది, "అమ్మమ్మా, అది వేస్తే నేరం. జైల్లో పెడతారు" అని. మేమంతా నవ్వాం. అది నవ్వలేదు. 2023 అక్టోబరులో బెంగుళూరులో ఒక టెలివిజన్ పోటీలో ఉన్న ఆయన మెళ్ళో పులిగోరు కనబడితే, అటవీ అధికారులు అరెస్టు చేసిన వార్త చెప్పింది. తర్వాత నేను తెలుసుకున్నది ఏమిటంటే, 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులిని చంపడమే కాదు, పులిగోరు, పులిచర్మం, పులిపన్ను కొనడం, అమ్మడం కూడా నేరమే. తగిన ధ్రువపత్రం లేకుండా ఇంట్లో ఉంచుకోవడం కూడా తప్పే. ఈ నేరానికి మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు శిక్ష, దానితోపాటు జరిమానా ఉన్నాయి.

చట్టం సంగతి అలా ఉంచండి. ఒక చిన్న లెక్క చూద్దాం. పులికి ముందు కాళ్ళకు అయిదేసి, వెనక కాళ్ళకు నాలుగేసి, మొత్తం 18 గోళ్ళు. ఒక పులి చస్తే 18 మంది పిల్లల మెడల్లోకి లాకెట్లు వస్తాయన్నమాట. గోరు చూస్తే చిన్నదే. దాని వెనక పడి ఉన్న అంత పెద్ద ప్రాణి మనకి కనబడదు. "బజార్లో దొరికేవి చాలామటుకు కొమ్ముతో చేసిన నకిలీవేనండీ" అంటారు కొందరు. అదీ నిజమే. కాని ఒకరి మెళ్ళో నకిలీని చూసి, అసలైనది కావాలనుకునే వాళ్ళు పదిమంది పుడతారు. ఎంత ఖరీదైనా సరే అనేవాళ్ళు ఉన్నంత కాలం, తెచ్చి ఇచ్చేవాళ్ళూ ఉంటారు.

వెనక మన దేశంలో ఎన్ని పులులుండేవో తెలుసా? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో 40,000 దాకా ఉండేవని ఒక అంచనా. రాజులూ, దొరలూ వేటాడి, చచ్చిన పులి మీద కాలు వేసి ఫోటోలు తీయించుకోవడం గొప్పగా ఉండేది. అడవులు నరికి పొలాలు చేశారు, ఆనకట్టలు కట్టారు. 1972లో లెక్క తీస్తే తేలినవి 1,827. దానితో గుండె గుభేలుమంది. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉండగా, 1973 ఏప్రిల్ 1న తొమ్మిది అడవులతో 'ప్రాజెక్ట్ టైగర్' మొదలైంది. ఆ ఏడాదే పులి మన జాతీయ జంతువయింది.

అయితే ఒక పథకం పెట్టినంత మాత్రాన కథ సుఖాంతం కాదు. రాజస్థాన్‌లో సరిస్కా అని పులుల అడవి ఉంది. 2005 వచ్చేసరికి అక్కడ ఒక్క పులి కూడా లేదని బయటపడింది. కాగితాల మీద పులులున్నాయి గాని అడవిలో లేవు. దొంగవేటగాళ్ళు ఒక్కొక్కదాన్నే పొట్టన పెట్టుకున్నారు. చర్మం ఒక దారిన, ఎముకలు ఇంకొక దారిన సరిహద్దులు దాటిపోయాయి. 2009లో మధ్యప్రదేశ్‌లోని పన్నాలోనూ ఇదే కథ. ఆ రెండు చోట్లా వేరే అడవుల నుంచి పులుల్ని తెచ్చి మళ్ళీ సంసారం మొదలుపెట్టవలసి వచ్చింది. సరిస్కా తర్వాత ప్రభుత్వం ఒక కార్యదళాన్ని వేసింది. దానికి అధ్యక్షురాలు సునీతా నారాయణ్ అనే మహిళ. అడవిలోనూ, అడవి అంచునా బతికే వాళ్ళని పక్కన పెట్టి పులిని కాపాడలేమని ఆ సంఘం గట్టిగా చెప్పింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

పూర్వం నేల మీద అడుగుజాడలు చూసి పులుల్ని లెక్కపెట్టేవారు. అందులో పొరపాట్లెక్కువ. ఇప్పుడు చెట్లకు కెమెరాలు కట్టి, ఒంటి మీద చారల్ని బట్టి లెక్క తీస్తున్నారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు. ఈ పద్ధతిలో 2006లో తేలినవి 1,411. అంటే 1972 నాటి కంటే కూడా తక్కువ! ఆ తర్వాత గట్టి కాపలా పెట్టిన మీదట 2018లో 2,967కీ, 2022లో సుమారు 3,682కీ పెరిగాయి. ప్రపంచంలోని అడవి పులుల్లో ముప్పాతిక వంతు దాకా మన దేశంలోనే ఉన్నాయి. ఇది సంతోషించవలసిన సంగతే.

మరింక బెంగ దేనికంటారా? చిన్నప్పుడు మనమంతా పులిజూదం ఆడినవాళ్ళమే. అందులో మేకలు పులిని చంపవు. చుట్టూ చేరి, ఎటూ కదలకుండా కట్టేస్తాయి. పులి కదలలేకపోతే ఆట అయిపోయినట్టే. ఇప్పుడు అడవిలో జరుగుతున్నది అదే. ఒక పక్క రోడ్డు, ఒక పక్క గని, ఒక పక్క కాలవ, ఒక పక్క పొలాలకు కరెంటు కంచెలు. పులి బతకాలంటే ఏడాదికి సుమారు యాభై జింకలంత ఆహారం కావాలి. అన్ని జింకలుండాలంటే గడ్డీ, నీళ్ళూ ఉన్న పెద్ద అడవి కావాలి. పిల్లపులి పెద్దదయ్యాక తల్లి దగ్గర ఉండదు, సొంత చోటు వెతుక్కుంటూ పోతుంది. అడవికీ అడవికీ మధ్య దారి లేకపోతే అది ఊళ్ళ మీదుగా నడవవలసిందే.

మన నల్లమలే చూడండి. అహోబిలం నరసింహస్వామికి చెంచులక్ష్మిని ఇచ్చిన అడవి అది. శ్రీశైల మల్లన్నను చెంచులు తమ అల్లుడంటారు. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవులు 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అటువైపు భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్ళింది. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులుండగా 2022 లెక్కకి 63 అయ్యాయి. తెలంగాణలో మాత్రం 26 నుంచి 21కి తగ్గాయి. 2019లో అమ్రాబాద్ వైపు యురేనియం కోసం వెతుకుతారంటే జనం గోల పెట్టారు. తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. గుండ్లకమ్మ పుట్టింది ఈ నల్లమలలోనే. అడవి పచ్చగా ఉంటేనే కింద వాగుల్లో నీరు. పులి ఉన్న అడవిలో కాపలా ఉంటుంది, గొడ్డలి చప్పుడు తక్కువ. మన బిందెలోకి వచ్చే నీళ్ళకీ, ఆ చారల జంతువుకీ సంబంధం ఇదీ.

ఇక ఉత్తర తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా సంగతి. మహారాష్ట్రలోని తాడోబా అడవుల నుంచి పులులు నది దాటి కాగజ్‌నగర్ అడవులకు వస్తుంటాయి. గంగిగోవు, పులి కథ పిల్లలకి చెప్పని తల్లి మనలో ఉండదు. ఆవు మాట నిలబెట్టుకుంటే పులి మనసు కరిగింది. కథలో బాగానే ఉంది. కాని అక్కడి రైతుకు ఆవు పోతే అప్పు మిగులుతుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలంలో కొద్ది రోజుల తేడాతో రెండు పులులు చచ్చి కనబడ్డాయి. పులి చంపిన పశువు కళేబరంలో కక్షతో విషం కలిపినట్టు విచారణలో తేలింది.

విషం పెట్టిన వాళ్ళని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. అయితే రెండో వైపు కూడా చూడాలి. 2020 నవంబరులో ఆ జిల్లాలో ఇద్దరు పులి వాత పడ్డారు. అందులో ఒకరు పత్తి చేలో పనిచేస్తున్న ఆడపిల్ల. 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ దగ్గరే పత్తి తీయడానికి వెళ్ళిన మరో యువతి చనిపోయింది. పత్తి తీసేది ఆడవాళ్ళే. నడుము వంచి పనిచేసే మనిషి పులి కంటికి నాలుగు కాళ్ళ జంతువులా కనిపించవచ్చు. పొయ్యిలోకి పుల్లలకోసం అడవికి వెళ్ళేదీ ఆడవాళ్ళే. పట్నంలో ఫ్యాను కింద కూర్చుని "పులిని కాపాడండి" అనడం మనకి తేలిక. ఆ మాట ఖరీదు చెల్లించేది ఆ పత్తిచేలోని అమ్మాయి. 2025లో ఆ ప్రాంతాన్ని కుమ్రం భీం పేరుతో సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ ఉత్తర్వు వస్తే, తమ ఊళ్ళూ భూములూ ఏమవుతాయోనని ఆదివాసులు ఆందోళన చేశారు. జులైలో ఆ ఉత్తర్వును ఆపేశారు. అడిగి, చెప్పి, ఒప్పించి చేయవలసిన పని ఉత్తర్వుతో ఒక్క పూటలో అయిపోదు. ఆవు పోయిన రైతుకు ఆ నెలలోనే పరిహారం అందితే, అతని చెయ్యి విషం సీసా దగ్గరికి వెళ్ళదు. ఇంటికి గ్యాసు వస్తే ఆ ఇల్లాలు పుల్లలకు వెళ్ళదు. పులి రక్షణ అంటే ఇవన్నీ కలిపే.

ఊరివాళ్ళు పులికి శత్రువులు కారని చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులిపిల్లలు కనబడ్డాయి. నాలుగూ ఆడవే. ఊరివాళ్ళు వాటిని కొట్టలేదు, అమ్ముకోలేదు. కుక్కల బారిన పడకుండా గదిలో పెట్టి అటవీ అధికారులకు కబురు చేశారు. పిల్లల్ని తల్లి దగ్గరికి చేర్చాలని సిబ్బంది రాత్రీ పగలూ ప్రయత్నించారు. తల్లి రాలేదు. చివరికి తిరుపతి జంతుప్రదర్శనశాలకు పంపారు. తల్లిపులి మూడున్నర నెలలు మోసి కని, రెండేళ్ళ పాటు ఒంటరిగా పిల్లల్ని సాకుతుంది. వేట నేర్పేది అదే. తల్లి లేని పిల్ల అడవిలో బతకడం కష్టం. అందుకే ఉచ్చులో ఒక ఆడపులి చస్తే, పోయేది ఒక్క ప్రాణం కాదు. ఈ సంగతి తల్లులకి వేరే చెప్పాలా?

మనం చేయగలిగినవి పెద్ద పనులేం కావు. శ్రీశైలం వెళ్ళేటప్పుడు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటి దాకా అడవి దారిలో వాహనాల్ని వదలరు. "దేవుడి దగ్గరికి పోతుంటే ఇదేం అడ్డం" అని విసుక్కోకండి. అది పులి తిరిగే వేళ. దారిలో ఆగి పొయ్యి పెట్టకండి, ప్లాస్టిక్ సంచులు పారేయకండి. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు కొండంతా కాలడానికి. పల్లెల్లో ఉన్నవారు, పందుల కోసం ఉచ్చులూ, కరెంటు తీగలూ పెట్టవద్దని మగవాళ్ళకి చెప్పండి. పందికి పెట్టిన ఉచ్చు పులినీ పడుతుంది, తీగ ఒక్కోసారి పక్కింటి పిల్లాడినీ పడుతుంది. అన్నిటికంటే ముందు, పులిగోరు కొనకండి. ఎవరైనా వేస్తామంటే వద్దనండి.

మా ఇంటి పులిగోరు ఏమయిందంటారా? మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. "మా నాన్న గుర్తురా అది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మూడో రోజు తనే పెట్టె తీసి మా తమ్ముడి చేతిలో పెట్టింది. "బంగారం ఒలిచి ఉంచుకోమంటావా అమ్మా?" అన్నాడు వాడు. "తొడుగుతో సహా ఇచ్చెయ్యరా, విడిగా దాచుకుని నేనేం చేసుకోను" అంది. అది మా ఇంటికి ఎలా వచ్చిందో కాగితం మీద రాసి, మా తమ్ముడు అటవీ శాఖ ఆఫీసులో అప్పగించి వచ్చాడు. మీ ఇళ్ళలో పాతది ఏదైనా ఉంటే, దాచిపెట్టి భయపడే కంటే ఉన్నమాట చెప్పి అప్పగించడమే మంచి దారి.

మా మనవడు ఇప్పుడు మెళ్ళో ఏమీ లేకుండానే ఇల్లంతా పాకుతున్నాడు. జడుపూ రాలేదు, దిష్టీ తగల్లేదు. వాడికి బొమ్మల పుస్తకంలో పులిని చూపిస్తే "గాండ్రు" మంటాడు. వాడు పెద్దయ్యాక నల్లమలలో అది నిజంగా గాండ్రిస్తూ ఉండాలని నా కోరిక. మీరూ ఒకసారి ఆలోచించండి.