నల్లరేగడి కింది హీలియం కథ

తెలంగాణలోని బిచ్కుంద చుట్టుపక్కల నల్లరేగడికి మూలం దక్కన్ లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన ఆ లావాకు పుట్టిల్లు నేడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద ఉందని చాలామంది భూవిజ్ఞానుల మాట.

ఇందుకు ఉన్న సాక్ష్యాల్లో ఒకటి హీలియం.

ఈ వాయువు దేనితోనూ కలవదు, అందుకే దాని జాడ చెరగదు. ఇందులో రెండు రకాలు: యురేనియం, థోరియం క్షీణిస్తుంటే హీలియం-4 నిత్యం పుడుతుంది. హీలియం-3 మాత్రం దాదాపు అంతా భూమి పుట్టిననాటిదే. హీలియం-4తో పోలిస్తే దాని పాలు సముద్రగర్భ పర్వతశ్రేణుల లావాలో గాలిలోకన్నా సుమారు 8 రెట్లు, రీయూనియన్‌లో 12 రెట్లు దాటుతుంది. అంటే ఆ దీవి లావాలో భూపటలం కింది పొర అయిన మ్యాంటిల్ లోతుల్లోని పాత సరుకు ఉందన్నమాట. రాజస్థాన్‌లో దొరికిన దక్కన్ కాలపు శిలల్లోనూ దాదాపు 14 రెట్లు ఉన్నట్టు 1993లో తేలింది; రెండింటి పుట్టిల్లూ ఒకటేనన్న మాటకు ఇదే బలం.