చనిపోయినవారి స్టేట్‌మెంట్‌లో తెలియని లైన్లు

ఈ ఎపిసోడ్‌లో మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మీకూ ఎప్పుడైనా పనికిరావచ్చు.

మా బాబాయి బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో పనిచేసేవారు. నవంబరులో గుండెపోటుతో పోయారు. 53 ఏళ్ళు. పెద్దకర్మ అయ్యాక పిన్నీ, నేనూ గవర్నర్‌పేటలో ఆయన ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్ళాం. డెత్ సర్టిఫికెట్, నామినీగా పిన్ని ఆధార్ చూపించి స్టేట్‌మెంట్ తీసుకున్నాం. ఖాతాలో మిగిలింది పదకొండు వేలు.

ఇంటికొచ్చి ఒక్కో లైనూ చదువుతుంటే మే నెలాఖరున 436 రూపాయలు కట్ అయినట్టు కనిపించింది. పక్కనే పీఎంజేజేబీవై అని ఉంది. "ఏంట్రా ఇది, బ్యాంకు చార్జీలా?" అంది పిన్ని. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. 50 ఏళ్ళ లోపు చేరితే, ఏటా కడుతూ 55 దాకా ఉండొచ్చు. ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. కొత్తగా చేరినవాళ్ళకి మాత్రం మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణమైతేనే. బాబాయి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

దాని కింద ఇంకో 20 రూపాయలు. అది సురక్షా బీమా. ప్రమాదాలకే కాబట్టి మాకు వర్తించలేదు.

మూడోది కష్టమైంది. ప్రతి నెలా 5న ఎవరో ఒకావిడ పేరుకి మూడు వేలు యూపీఐలో వెళ్ళింది. పిన్ని ఏమీ మాట్లాడలేదు. స్టేట్‌మెంట్ మడిచి లోపల పెట్టేసింది. రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. చివరికి షాపులో బాబాయితో పనిచేసిన ఆయన్ని అడిగాను. "అయ్యో, అది చీటీ అండీ. ఆవిడ మా ఓనరు గారి చెల్లెలు. మీ బాబాయి ఇంకా పాడలేదు" అన్నారు. పిన్నికి చెబితే అప్పుడు ఏడ్చింది.

అందుకే మూడు మాటలు చెబుతాను. కనీసం పదమూడు నెలల స్టేట్‌మెంట్ తీసుకోండి, ఏడాదికోసారి కట్టే ప్రీమియం ఆరు నెలల దాంట్లో కనిపించకపోవచ్చు. అర్థంకాని ప్రతి లైనూ పెన్సిల్‌తో గీసుకుని బ్రాంచిలో అడగండి, బీమా ఉంటే క్లెయిమ్ ఫారం ఆలస్యం చేయకుండా ఇవ్వండి. పిన్ నంబరు తెలుసు కదా అని పోయినవారి కార్డుతో, ఫోనుతో డబ్బు తీయకండి, తర్వాత వారసుల మధ్య గొడవవుతుంది.

పిన్నికి బీమా డబ్బు పడింది. చీటీ ఇప్పుడు తనే కడుతోంది.

ఈ రాత్రి మీ ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి, మీ ఖాతాలోంచి ఏవేవి కట్ అవుతున్నాయో చెప్పండి. పది నిమిషాల పని.