అడుగులకు అరిసెలు

బిడ్డ బోర్లపడిన నాడు బొబ్బట్లు, అడుగు వేసిన నాడు అరిసెలు పంచిపెట్టుట మన యిండ్లలో పాత వాడుక. చక్కని వాడుకయే. అయితే ఆ అరిసెలు ఎప్పుడు వండుదుమా యన్న తొందర కొందరు తల్లులకు నిద్ర లేకుండ చేయుచున్నది. పొరుగింటి పాప పదవ నెలలో నడచినది, మా బాబు ఏడాది నిండినను నడువలేదని దిగులుతో మాయొద్దకు వచ్చువారు అనేకులు.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారు భారతదేశముతో సహా అయిదు దేశములలో 816 మంది ఆరోగ్యవంతులైన బిడ్డలను పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించిరి. ఊతము లేకుండ కూర్చుండుట కొందరికి 4వ నెలలోనే వచ్చినది. కొందరికి 9 నెలలు పట్టినది. ఒంటరిగా నడచుట 8 నెలలు మొదలు 17న్నర నెలల వరకు! నూటికి నలుగురు చేతులపై మోకాళ్లపై ప్రాకకయే నడక నేర్చిరి. కనుక అరిసెలు పదునారవ నెలలో వండినను రుచి తగ్గదు.

తొందరకొలది బిడ్డను చక్రముల వాకరులో కూర్చుండబెట్టుట మాత్రము మాకు సమ్మతము కాదు. అందులో బిడ్డ మునివ్రేళ్లతో నేలను తన్నుచు పోవును. తన బరువును తాను మోయుట, తూలినపుడు నిలదొక్కుకొనుట అలవడవు. మెట్లపైనుండి దొర్లు ప్రమాదము కూడ కలదు. కెనడా ప్రభుత్వము 2004లో దాని అమ్మకమునే నిషేధించినది. మన వడ్రంగి చేసి యిచ్చు మూడు చక్రముల కొయ్యబండి సంగతి వేరు. దానిని బిడ్డ తన కాళ్లపై నిలిచి తోయును. పెద్దలు ప్రక్కన నుండిన చాలును. మెలకువగా నున్నపుడు బిడ్డను చాపపై బోర్ల పరుండబెట్టి, గిలకను కొంచెము దూరముగా నుంచుడు. నిద్రకు మాత్రము వెల్లకిలయే.

ఇక, "మా వంశములో నడక ఆలస్యమే" యని ఊరకుండరాని గుర్తులు కొన్ని కలవు. 9 నెలలు దాటినను కూర్చుండకుండుట, ఏడాది నిండకముందే ఒక చేతినే వాడుచు రెండవదానిని పిడికిలి బిగించి యుంచుట, ఎత్తుకొనినపుడు కాళ్లు కత్తెరవలె పెనవేసికొని బిగియుట, వచ్చిన విద్య మరల పోవుట, 18 నెలలకును నడువకుండుట. నెలలు నిండక పుట్టిన బిడ్డ విషయములో, ఎన్ని వారములు ముందు పుట్టెనో అన్ని వారములు తగ్గించి వయస్సు లెక్కింపవలెను. దెబ్బతిన్న మెదడు క్రొత్తదారులు వేసికొను శక్తి తొలి యేండ్లలోనే మిక్కుటము. అందుచే "చూతము, చూతము" అని గడపిన ప్రతి నెలయు బిడ్డకు నష్టమే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రములలో పరీక్షయు, చికిత్సయు ఉచితము. వచ్చునపుడు వీలైనచో అమ్మమ్మనో నాయనమ్మనో వెంటబెట్టుకొని రండు. మా గదిలో జరుగు వ్యాయామము అరగంట మాత్రమే; తక్కినదంతయు ఇంటిలో నీళ్లు పోయునపుడు, బట్టలు తొడుగునపుడు, ఎత్తుకొని తిప్పునపుడు జరుగవలసినదే. బిగిసిన కాలిని ఎట్లు పట్టుకొనవలెనో వారికి కూడ చూపి పంపెదము.